మొదటి ట్రిప్పు ఎవరిస్తారు?

నలభై దాటిన మనిషికి ఉద్యోగం ఊడిందని తెలిస్తే చాలు, మన ఊళ్లలో సలహా సిద్ధంగా ఉంటుంది. "దేశంలో డ్రైవర్లకు కరువొచ్చింది. హెవీ లైసెన్సు తీసుకో, లారీ ఎక్కు. ఏ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు పోయినా కళ్లకద్దుకుని పెట్టుకుంటారు." పెళ్లి భోజనాల దగ్గర, దశదినకర్మల దగ్గర, పొద్దుటి నడకల్లో ఈ మాట విని విని విసుగు పుట్టింది. చెప్పేవాళ్లలో లారీ క్యాబిన్ ఎక్కి కూర్చున్నవాళ్లు అరుదు. ఈ సలహా మా పెద్దనాన్న కొడుకును 14 నెలలు రోడ్ల మీద తిప్పింది, అదీ లారీలో కాదు, కాళ్ల మీద. అందుకే దీన్ని ఊరికే వదలదలచుకోలేదు.

ముందు ఆ వాదన ఏమిటో న్యాయంగా చెప్పాలి. అది గాలి మాటేమీ కాదు. దేశంలో 22 లక్షల మంది డ్రైవర్లు తక్కువగా ఉన్నారని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. డ్రైవర్ దొరక్క బండి షెడ్డులో నిలబడిందని మొత్తుకునే ఓనర్లు ఏ ఆటోనగర్‌కు వెళ్లినా కనిపిస్తారు. వాళ్లు అబద్ధమాడటం లేదు. చట్టం కూడా అడ్డు రాదు. రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండాలంటుంది తప్ప, నలభై దాటకూడదని ఎక్కడా అనదు. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధనను 2019లో తీసేశారు. కారు లైసెన్సు వచ్చి ఏడాది నిండినవాడు హెవీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రంలో హెవీ కోర్సు మొత్తం 38 గంటలు, ఆరు వారాల్లో అయిపోతుంది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. డిగ్రీ అడగరు, ఇంగ్లీషు అడగరు. ఇంతకంటే తెరిచి ఉన్న తలుపు ఇంకేముంటుంది?

ఇంతవరకు నాకూ పేచీ లేదు. నా పేచీ అంతా ఈ వాదం తోకలో వేలాడే మాటతో. "ఇన్ని ఖాళీలుండగా పని దొరకలేదంటున్నాడంటే, వాడికి ఒళ్లు వంగదన్నమాట." సలహాగా మొదలైన మాట నిందగా తేలుతుంది. ఆ నింద ఏ పునాది మీద నిలబడిందో చూద్దాం.

1. కొరత వేరు, ఖాళీ వేరు

2023 జూలైలో టమాటాకు కొరత వచ్చింది. రోజులు తిరిగేసరికి కిలో 150 రూపాయలు దాటింది. మదనపల్లె మార్కెట్ యార్డు పేరు దేశమంతా మోగింది. కొరత అంటే అదీ. సరుకు తక్కువైతే కొనేవాడు ఎక్కువ పెట్టి కొంటాడు, కాస్త మచ్చ ఉన్న కాయను కూడా బుట్టలో వేసుకుంటాడు.

డ్రైవర్ల కొరత సంగతి ఏళ్లుగా వింటున్నాం. మరి ఆ సరుకు ధర అలా ఎగబాకిందా? కొత్తవాణ్ని, అనగా మచ్చ ఉన్న కాయను, ఎవరైనా బుట్టలో వేసుకుంటున్నారా? లేదే! అప్పుడు అనుమానించాల్సింది ఆ 'కొరత' అన్న మాటనే. ఓనర్‌కు దొరకనిది డ్రైవర్ కాదు. పదేళ్ల అనుభవం ఉండి, తాగుడు లేకుండా, అర్ధరాత్రి టైరు పేలితే తానే జాకీ ఎత్తుకుని, నెలకు నాలుగు రోజులే ఇల్లు చూసి, అదీ పాత రేటుకే బండి తోలే డ్రైవర్ దొరకడం లేదు. అలాంటి మనిషికి కొరత ఉందంటే నమ్ముతాను. ఎప్పటికీ ఉంటుందంటే ఇంకా నమ్ముతాను. కానీ 22 లక్షలన్న అంకె, "కొత్తవాడు వస్తే పెట్టుకుంటాను" అని ఓనర్లు రాసిచ్చిన కాగితాల మొత్తం కాదు. ఆ తేడాను మింగేసి, మంత్రిగారి అంకెను తెచ్చి నిరుద్యోగి ముఖాన కొట్టడమే ఈ సలహాదారుల మొదటి తప్పు.

ఈ పాట మనమొక్కళ్లమే పాడటం లేదు. అమెరికాలో లారీ కంపెనీల సంఘం 2021లో 80 వేల మంది డ్రైవర్లు తక్కువయ్యారని ప్రకటించింది. అంతకు రెండేళ్ల ముందే, 2019లో, స్టీఫెన్ బర్క్స్, క్రిస్టెన్ మొనాకో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ దేశపు కార్మిక గణాంక శాఖ పత్రికలో ఇదే విషయం తరచి చూశారు. డ్రైవర్ల కార్మిక మార్కెట్టు మిగతా వాటిలాగే పనిచేస్తోందని, జీతం పెరిగితే మనుషులు వస్తారని తేల్చారు. అక్కడి పెద్ద దూరప్రయాణ కంపెనీల్లో కొన్ని సంవత్సరాలు నూటికి తొంభై దాకా డ్రైవర్లు ఏడాదిలోపే మారిపోయారు. కుండకు చిల్లు పెట్టుకుని, బావి ఎండిపోయిందని అరిస్తే ఎలా?

2. క్లీనర్ సీటు మాయమైంది

అసలు సంగతి ఇక్కడుంది. కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

మన దగ్గర లారీ డ్రైవర్ డ్రైవింగ్ స్కూల్లో తయారు కాలేదు, క్లీనర్ సీట్లో తయారయ్యాడు. పదిహేను పదహారేళ్ల పిల్లవాడు బండెక్కేవాడు. అద్దం తుడిచేవాడు, ఇనుప కడ్డీతో టైర్లు కొట్టి చప్పుడును బట్టి గాలి చూసేవాడు, పరదా కప్పి తాళ్లు బిగించేవాడు, వెనక నిలబడి బండి మీద చరుస్తూ "రానీ రానీ" అనేవాడు, రోడ్డు పక్కన స్టవ్ వెలిగించి అన్నం వండేవాడు. మూడు నాలుగేళ్లు గడిచాక, ఏ తెల్లవారుజామునో, ఖాళీ రోడ్డు మీద, ఖాళీ బండితో, డ్రైవర్‌కు మనసు పుట్టి "పట్టు" అనేవాడు. అదీ మొదటి పాఠం. లైసెన్సు ఆ తర్వాతెప్పుడో వచ్చేది. మొదటి ఉద్యోగం ఎలా దొరికిందని పాత డ్రైవర్‌ను అడిగి చూడండి, ప్రశ్నే అర్థం కాదు ఆయనకు. ఆయన ఉద్యోగం వెతకలేదు. ఎడమ సీటు నుంచి కుడి సీటుకు జరిగాడు, అంతే.

ఆ ఎడమ సీటు ఇప్పుడు ఖాళీ. పిల్లలు బడికి పోతున్నారు, పోవాలి కూడా; ఆ వ్యవస్థ ఎన్ని బాల్యాలను మింగిందో తెలుసు కాబట్టి దాని కోసం నేను కన్నీరు కార్చను. కానీ సీటు ఖాళీ కావడానికి అసలు కారణం డబ్బు. డీజిల్, టోల్, వాయిదాలు పెరిగిన కొద్దీ ఓనర్ మొదట కోసిన ఖర్చు క్లీనర్‌దే. నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలని ఒకప్పుడు నియమం ఉండేది. 2018లో కేంద్రం ఆ నియమానికీ నీళ్లొదిలింది, ఒకరుంటే చాలంది. రెండో మనిషికి అన్నం పెట్టే బాధ్యత చట్టం దృష్టిలోనూ పోయింది. బడికి ఒకటో తరగతి గది పడగొట్టి, పదో తరగతిలో పిల్లలు లేరేమని అడుగుతున్నాం మనం.

ఇప్పుడు మా అన్న సంగతి. సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో 19 ఏళ్లు లెక్కలు చెప్పాడు. 2020 మార్చిలో బడి మూతపడింది, జీతం ఆగింది. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ బియ్యం సంచి భుజాన వేసుకుని ఇంటికొచ్చిన రోజే "ఇక చాలు" అనుకున్నాడట. వయసు 44. అందరూ ఇచ్చిన సలహాయే పట్టుకున్నాడు. పాతిక వేలదాకా ఖర్చుపెట్టి ఆగస్టుకల్లా హెవీ లైసెన్సు తెచ్చుకున్నాడు.

మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గరికి పోయాడు. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల బయట బారులు తీరిన లారీల దగ్గరికి పోయాడు. ఒక ఓనర్‌తో జరిగిన మాటలు ఆయన ఇప్పటికీ నటించి చూపిస్తాడు.

"లైసెన్స్ మంచిగనే ఉంది సారూ. ఎన్నేండ్లు నడిపినవ్?"

"ఇంకా నడపలే సేటూ. ఇప్పుడే తీసుకున్న."

"అయితే కొన్నేండ్లు నడిపినంక రా."

"ఎవరో ఒకరు ఇయ్యకపోతే ఎట్ల నడుపుత?"

"అది నాకేం ఎరుక సారూ!"

లెక్కల మాస్టారు కాబట్టి ఆ చక్రం ఆయనకు వెంటనే అర్థమైంది. అనుభవం ఉంటేనే పని, పని చేస్తేనే అనుభవం. ఈ చక్రాన్ని బద్దలు కొట్టేదొక్కటే, క్లీనర్ సీటు. సరే, క్లీనర్‌గానే పెట్టుకోమని ఇంకో ఓనర్‌ను అడిగాడు. అక్కడ ఇంకో గోడ. "మా పిల్లగాడు మీ దగ్గర చదువుకున్నడు. మిమ్ముల బండి కడుగుమని ఏ నోటితోని చెప్పాలె?" అన్నాడా ఓనర్. అవమానించి తలుపు మూసినవాడితో పోట్లాడొచ్చు. గౌరవించి మూసినవాడితో ఏం చేస్తాం? బండి మీదున్న డ్రైవర్‌కు 26 ఏళ్లు. తన తండ్రి ఈడువాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని "టైరు చూసిరా" అనడం అతనికీ ఇష్టం లేదు. పైగా, ఇతను నేర్చుకుంటే రేపు తన స్టీరింగుకే ఎసరని భయం కూడా ఉండొచ్చు. నేనైతే తప్పు పట్టను.

ఓనర్‌ను దుర్మార్గుణ్ని చేయడం నా ఉద్దేశం కాదు. రెండు మూడు బండ్లున్న ఓనర్ పరిస్థితి చూడండి. బండి ఫైనాన్సులో ఉంది. పది టైర్ల లారీ నిండు లోడుతో 28.5 టన్నులు తూగుతుంది. కొత్తవాడు ఒక గేటు స్తంభాన్ని గుద్దితే నెల వాయిదా పోతుంది, ఒక మనిషిని గుద్దితే ఓనర్ బతుకే పోతుంది. ఆయన భయం న్యాయమైనదే. నేనడిగేది వేరు: కొత్తవాడి మొదటి ఆరు నెలల నష్టాన్ని ఎవరు మోయాలి? ఓనర్ మోయడు, కంపెనీ మోయదు, సర్కారు మోయదు. మోయమని చెబుతున్నది ఎవరికయ్యా అంటే, అప్పటికే జీతం పోయినవాడికి!

"మరి ఇంతమంది డ్రైవర్లు ఎలా అయ్యారు?" అని ఎదురడుగుతారు. ఎలా అయ్యారో పైన చెప్పాను. వాళ్లు పదహారేళ్లప్పుడు అయ్యారు, లేదా ఇంట్లో సొంత బండి ఉండి అయ్యారు, లేదా మేనమామ ఓనరై అయ్యారు. నలభై నాలుగేళ్ల మాస్టారికి ఈ మూడింటిలో ఏదీ లేదు.

3. ముప్పై ఎనిమిది గంటల్లో ఏం వస్తుంది?

శిక్షణ ముగిస్తే డ్రైవరైపోయినట్టేనన్నది వాళ్ల రెండో ఊతకర్ర. 38 గంటల్లో నేర్చుకునేది బండిని కదిలించడం, మలపడం, ఆపడం. అది అవసరం, తప్పకుండా అవసరం. కానీ శిక్షణ బండి ఖాళీ బండి. ఖాళీ లారీకీ లోడు లారీకీ ఉన్న తేడా ఎద్దుకూ ఏనుగుకూ ఉన్నంత. దోర్నాల ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చుంటే డ్రమ్ములు కాలి బ్రేకు పట్టు వదిలేస్తుంది. చిన్న గేరులో పెట్టి ఇంజనుతోనే బండిని పట్టుకోవాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దొర్లించే దురలవాటు పాత డ్రైవర్లలోనే ఉంది. అది తప్పని కొత్తవాడికి ఎవరు చెప్పాలి? సిమెంటు సంచులు ఒకవైపు ఒరిగితే బండి ఎలా లాగుతుందో, వర్షంలో బియ్యం లోడు మీద పరదా ఎక్కడ చిరిగితే ఎంత కోత పడుతుందో, కాటా దగ్గర బరువు తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలో, ఇవేవీ ఏ సిలబస్‌లోనూ సరిగ్గా పట్టవు.

అన్నిటికంటే కష్టమైన పాఠం 'కాదు' అనడం. ఓవర్‌లోడుకు చట్టం 20 వేల రూపాయల జరిమానా వేస్తుంది, పైబడిన ప్రతి టన్నుకూ ఇంకో 2 వేలు. అయినా "ఇంకో రెండు టన్నులు వేస్తున్నా, లోపలి రోడ్డున పో" అని గుమస్తా అంటే, పదేళ్ల డ్రైవర్ తాళం బల్ల మీద పెట్టి వెళ్లిపోగలడు, రేపు ఇంకో ఓనర్ పిలుస్తాడు కాబట్టి. ఎన్నో నెలలు తిరిగి మొదటి ట్రిప్పు సంపాదించుకున్నవాడు తాళం పెట్టగలడా? కొత్తవాడి చేత ప్రమాదం చేయించేది చేతగానితనం ఒక్కటే కాదు, అవసరం కూడా. లైసెన్సు తీసుకో, బండెక్కు అని తొందరపెట్టేవాళ్లు ఆ అవసరాన్ని నేరుగా హైవే మీదికి తోలుతున్నారు. అదే హైవే మీద మనమంతా పిల్లలతో ప్రయాణం చేస్తాం.

4. ట్రిప్పు డబ్బుకు తారీఖు లేదు

"చేతికి నెలకు ఇంత" అంటూ పెద్ద అంకె చెప్పడం ఈ సలహాలో భాగం. చాలా బండ్ల మీద డ్రైవర్‌కు జీతం, బత్తా అని రెండు ముక్కలు. కొన్నిచోట్ల ట్రిప్పుకింత అని ఒకే ముక్క. ట్రిప్పు ఎప్పుడు ముగుస్తుందో డ్రైవర్ చేతిలో లేదు. అన్‌లోడింగ్‌కు హమాలీలు రాకపోతే రెండు రోజులు గోడౌను బయటే. రిటర్న్ లోడు దొరక్కపోతే ఇంకో రెండు రోజులు. ఆలస్యమైతే ఈ-వే బిల్లు గడువు ముంచుకొస్తుంది, 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన. బండి చెడి నిలబడినా గడువు నిలబడదు, పొడిగింపు కోసం ఆఫీసు చుట్టూ ఫోన్లు. సరుకు తగ్గితే కోత, మైలేజీ తగ్గితే కోత. దారిలో మామూళ్ల సంగతి నేను చెప్పనక్కర్లేదు, రోడ్డు పక్కన చాయ్ కొట్టు పెట్టుకున్నవాణ్ని అడిగినా చెబుతాడు.

ఇరవై ఏళ్లవాడు దీన్ని తట్టుకుంటాడు. వాడికి అద్దె లేదు, అమ్మ అన్నం పెడుతుంది. నలభై దాటినవాడి డబ్బుకు తారీఖులుంటాయి. 5న ఇంటి వాయిదా, 10న చీటీ, జూన్‌లో ఫీజు. నెలకు సగటున ఎంత వచ్చినా, 5వ తారీఖున చేతిలో లేకపోతే ఆ సగటుతో ఏం చేసుకుంటాడు? నడివయసులో వృత్తి మార్చుకునేవాడికి కావలసింది మొదటి ఏడాది తప్పనిసరిగా వచ్చే డబ్బు. ఈ వృత్తిలో మొదటి ఏడాది దొరకనిది సరిగ్గా అదే.

1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని గీత గీసింది. అయిదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకు 2025 నవంబర్ దాకా వర్తించిన చట్టమది. రెండు బండ్ల ఓనర్ దగ్గర పనిచేసినవాడు ఆ గీతకు అవతలే పుట్టి, అవతలే రిటైరయ్యాడు.

5. వయసు అడ్డు కాదట!

చట్టంలో అడ్డు కాదు, నిజమే. కానీ హెవీ లైసెన్సుకు డాక్టరు సంతకం చేసిన ఫారం 1ఎ కావాలి, అయిదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది. నలభై అయిదేళ్ల కంటికి రాత్రి ఎదురు లైట్ల వెలుగు కుర్రవాడి కంటికి తగిలినట్టు తగలదు. షుగరున్నవాడు అన్నం వేళ తప్పితే ఏమవుతుందో ప్రతి ఇంట్లో తెలుసు. క్యాబిన్‌కు ఏసీ పెట్టారు, సంతోషం. దాబా మంచం మీద నిద్రకు ఏసీ లేదు.

శిక్ష సంగతి కూడా ఈ సలహాదారులు ఎన్నడూ ఎత్తరు. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే పాత చట్టంలో రెండేళ్ల వరకు జైలు. భారతీయ న్యాయ సంహితలో అయిదేళ్ల వరకు. గుద్ది పారిపోతే పదేళ్ల వరకు అన్న 106(2) సెక్షన్ మీద 2024 జనవరి మొదట్లో డ్రైవర్లు స్టీరింగు వదిలేస్తే హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరాం, గుర్తుందా? ఆ సెక్షన్‌ను ఆ ఏడాది జూలై 1న మిగతా చట్టంతో పాటు అమల్లోకి తేలేదు. ఆగి సాయం చేయాలన్నది నా మతం కూడా. కానీ ఆగినవాణ్ని గుంపు ఏం చేస్తుందో తెలిసీ, ఇద్దరు పిల్లల తండ్రికి "ఏముంది, లారీ ఎక్కు" అని అంత తేలిగ్గా ఎలా అంటారు?

6. "అయితే కెనడా పో"

ఇక్కడ ఓడిపోతే విదేశాల పేరెత్తుతారు. దీనికి ఎక్కువ చోటివ్వను. అమెరికాలో 2022 ఫిబ్రవరి నుంచి కొత్త డ్రైవర్లకు కేంద్ర ప్రభుత్వ జాబితాలోని శిక్షణ తప్పనిసరి. 2025 ఆగస్టు 21న ఆ దేశం లారీ డ్రైవర్ల ఉద్యోగ వీసాలు ఆపేసింది. హెచ్-1బి మీద ఉండి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయిన మన పిల్లవాడు లారీ ఎక్కలేడు, ఆ వీసా ఆ పనికి చెల్లదు. కెనడాలో ఒంటారియో 2017 జూలైలోనే కొత్తవాళ్లకు తప్పనిసరి శిక్షణ పెట్టింది. 2018 ఏప్రిల్‌లో, ఆ పనిలో కొత్తగా చేరిన డ్రైవర్ నడుపుతున్న లారీకి హంబోల్ట్ హాకీ జట్టు ఆటగాళ్ల బస్సు తగిలి 16 మంది చనిపోయాక మిగతా రాష్ట్రాలు కొన్ని అదే దారి పట్టాయి. ఇవేవీ చెప్పకుండా రీల్స్‌లో జీతం అంకె చూపించి ఏజెంటు డబ్బు కట్టించుకుంటాడు. గల్ఫ్ ఏజెంట్ల చేతిలో కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలు నేర్చుకున్న పాఠం చాలదా?

అయితే నలభై దాటినవాడు డ్రైవర్ కాకూడదా?

కావచ్చు. కావాలనుకుంటే కావాలి కూడా. నేను కొట్టేస్తున్నది ఆ వృత్తిని కాదు, లైసెన్సే ఉద్యోగమన్న అబద్ధాన్ని. ఆ అబద్ధం పక్కకు తప్పుకుంటే దారి కొంత కనిపిస్తుంది. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక సంగతి తేల్చింది: కారు లైసెన్సు ఉన్నవాడు 7,500 కిలోలలోపు స్థూల బరువున్న రవాణా వాహనాన్ని వేరే అనుమతి లేకుండానే నడపవచ్చు. 2017లో చిన్న ధర్మాసనం చెప్పినదే ఇది, ఇప్పుడు దాని మీద ముద్ర పడింది. అంటే టాటా ఏస్, బొలెరో పికప్, చిన్న డీసీఎం, ఇవన్నీ పాత కారు లైసెన్సుతోనే నడపవచ్చు. ప్రమాదకర సరుకులకు మాత్రం ఇది వర్తించదు. మొదటి ఏడాది అక్కడ గడవాలి: ఊళ్లోనే లోడు, రాత్రికి ఇల్లు, చిన్న బండి, చిన్న తప్పు. ఓనర్ భయానికీ కొత్తవాడి అవసరానికీ బేరం కుదిరేది అక్కడే. పెద్ద లారీకి పిలుపు ఆ ఏడాది లెక్క చూపించాకే వస్తుంది. హెవీ లైసెన్సు కోసం ముందే అప్పు చేయమనేవాళ్లు ఈ తీర్పు గురించి ఒక్క మాట ఎందుకు చెప్పరు?

ఇక కొరత కొరత అని అరిచేవాళ్లకు. మీ మాట నిజమైతే దానికి ధర చెల్లించండి. శిక్షణ కేంద్రాలకు డబ్బు పెడుతున్నారు, మంచిదే. అందులో కొంత తీసి, శిక్షణ అయినవాడు అనుభవమున్న డ్రైవర్ పక్కన ఆరు నెలలు కూర్చునే సీటుకు జీతంగా ఇవ్వండి. నేర్పినందుకు ఆ డ్రైవర్‌కూ బత్తా మీద ఇంకాస్త కలపండి, "నా స్టీరింగుకు ఎసరు" అన్న భయం అప్పుడు పోతుంది. ఎన్ని కిలోమీటర్లు, ఏ లోడు, ఎన్ని రాత్రులు అన్నది పుస్తకంలో రాసి ఓనర్ సంతకం పెట్టాలి. ఆ పుస్తకమే కొత్తవాడి అనుభవ పత్రం. లారీ ఓనర్ల సంఘాలు జిల్లాకు పది సీట్లు చూపించినా చాలు, వాళ్ల మాట నమ్ముతాను. ఒక్క సీటూ చూపించలేని సంఘం డ్రైవర్ల కొరత మీద వినతిపత్రం ఇచ్చే హక్కు వదులుకోవాలి.

అంతవరకు నా విన్నపం బంధువులకు, మిత్రులకు. ఉద్యోగం పోయినవాడి ముందు 22 లక్షలన్న అంకె విసిరే ముందు, మీకు తెలిసిన ఒక ఓనర్‌కు ఫోన్ చేయండి. "మావాడు కొత్త, ఆరు నెలలు పక్కన కూర్చోబెట్టుకుంటావా?" అని అడగండి. ఆయన సరేనంటే ఆ నంబరివ్వండి. కాదంటే నోరు మూసుకోండి.

మా అన్న మొదటి ట్రిప్పు 2022 అక్టోబర్‌లో దొరికింది, మిర్యాలగూడ నుంచి హైదరాబాద్‌కు బియ్యం బస్తాలతో ఒక డీసీఎం మీద. ఓనర్ ఆయన పాత విద్యార్థి. ఆ బండి స్థూల బరువు 7,500 కిలోల లోపే. పాతిక వేలు పోసి తెచ్చుకున్న హెవీ లైసెన్సు మీద ఆయన ఒక్క లారీ కూడా నడపకుండానే, 2026 ఆగస్టుకు దాని గడువు తీరుతుంది.